దండోరా పిలుపు కాదు

శ్రావణమాసం తొలి గురువారం, పొద్దున పది గంటలు. మార్కాపురం తాలూకా కచేరీ ముందు జవాను గంట మీద పది దెబ్బలు కొట్టాడు. అప్పుడు నేను సంఘం వాళ్ల గది మెట్ల కింద నిలబడి ఉన్నాను. సంవత్సరం అడగవద్దు. తెల్లవాళ్ల దొరతనం, చెన్నపట్నం సర్కారు, మాది కర్నూలు జిల్లా, వానలు వరసగా రెండేళ్లు తప్పిన కాలం. అంతవరకే చెప్పగలను. అప్పటికి నాకు అక్షరం రాదు. లెక్క మాత్రం వచ్చు, కాబట్టి గంట సంగతి గట్టిగా చెబుతున్నాను.

నేను అక్కడికి పోయింది గంజి అడగడానికి కాదు. గంజి మా పాలెం పక్కనే, చింతచెట్ల కింద, మంగళవారం నుంచి కాగుతూనే ఉంది. పాలెంలో ఒక్కరు కూడా ముంత పట్టుకుని అటు పోలేదు. ఆ గంజి మా తోడికోడలి గొంతు దిగాలి. నేను మెట్ల కింద నిలబడింది అందుకు.

మా ఇంట్లో అప్పుడు ముగ్గురు ఆడవాళ్లం. అత్త, నేను, మా మరిది పెళ్లాం. ఆమె ఒడిలో చంటి ఆడపిల్ల. మగవాళ్లు కృష్ణ కాలవల కింద పని దొరుకుతుందని పోయారు. పోయినవాళ్ల కబురు లేదు. ఇక్కడ చేలల్లో పని లేదు, పలకల గనుల్లో పని ఆగిపోయింది. జొన్నలు అయిపోయినాక బలుసాకు ఉడకబెట్టుకున్నాం. నాగజెముడు పండ్లు ముళ్లు రాల్చి తిన్నాం. నాలాంటి మొండి ఒళ్లు దేన్నయినా అరిగించుకుంటుంది, బాలింత ఒళ్లు అట్లా కాదు. ఆమెకు పాలు తగ్గుతూ వచ్చాయి. బిడ్డ మొదట్లో పాలెమంతా వినపడేటట్లు ఏడ్చేది. తర్వాత మా గుడిసె వరకే వినపడేది. ఆ వారం పక్కలో ఉన్న తల్లికి తప్ప ఎవరికీ వినపడలేదు.

ఇక సంఘం సంగతి. అది మొదట సంఘం కాదు, పేకాట కిలబ్బు. ఊళ్లో షావుకార్లు, ప్లీడర్లు, ఉద్యోగస్తులు సాయంత్రం పూట కూడే గది. ఆ కరువులో వాళ్లకు ఏం బుద్ధి పుట్టిందో గాని పేకలు పక్కన పెట్టి, పేదవాళ్లకు ఏమైనా చేయాలని పూనుకున్నారు. మంచి బుద్ధే. ఆ తర్వాతి కాలంలో మా పాలెం కుర్రవాళ్లకు, పిల్లలకు మధ్యాహ్నం బడి పెట్టింది వాళ్లే. ఊరూరికీ పలకలు కోసి పంపిన చేతుల్లో మొదటిసారి పలక పెట్టింది వాళ్లే. నేను ముప్పై దాటినాక పిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నదీ అక్కడే. కాబట్టి వాళ్లను తక్కువ చేసి రాయడం నా ఉద్దేశం కాదు. జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

సంఘానికి పెద్ద పలకల షావుకారు. పనులన్నీ చూసేది ప్లీడరు. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, మాట మెత్తన, పుస్తకాల మనిషి. మూడో ఆయన గుడ్డల దుకాణం సాయిబు. గంజికి జొన్నలు షావుకారు ఇచ్చాడు. తన ఇంట్లో పెళ్లిళ్లకు వాడే పెద్ద డేగిసాలు సాయిబు ఇచ్చాడు. మాటలు ప్లీడరు ఇచ్చాడు. చిక్కు ఆ మాటల దగ్గరే వచ్చింది.

సోమవారం పొద్దున పాలెంలో దండోరా వేశారు. వేసినవాడు మా పాలెం మనిషే, నాకు వరసకు మామ. తప్పెట కొట్టడంలో తాలూకాలో ఆయనకు సాటి లేదు. ఊరి నుంచి కొట్టుకుంటూ వచ్చి మా వీధి మొగలో నిలబడి ప్లీడరు చెప్పిచ్చిన మాటలు చెప్పినట్లే కేక వేశాడు.

"ఇందుమూలంగా తెలియజేసేది ఏమనగా! దిక్కులేనివారికి, గతిలేనివారికి చింతల కింద గంజి పోయబడును! ఎవరి ముంత వారే తెచ్చుకోవలెను! అక్కడే తాగవలెను, ఇంటికి తీసుకుపోరాదహో!"

ఆయన పెళ్లాం గుమ్మం ముందు సట్టి తోముతూ ఉంది. తోమడం ఆపి తలెత్తింది.

"ఏమయ్యో, మళ్లా చెప్పు. యెవురికంట?"

"దిక్కులేనోళ్లకంట."

"నీకు పెళ్లాన్ని నేను బతికే ఉండాను. కొడుకులు గుండ్రాళ్ల మాదిరి తిరుగుతా ఉండారు. ఈ పాలెంలో దిక్కులేనోడు యెవుడో చూపించు, వానికి నేనే పోస్తా గంజి."

"నాదేముందే! మాట ప్లీడరు గారిది. తప్పెట మటుకే నాది."

"అయితే తప్పెట కొట్టి నోరు మూసుకో. ఆ మాట ఇంకోపారి యెత్తినావంటే ఈ సట్టి నీ నెత్తిన పగుల్తుంది."

ఆకలి మీద ఉన్నా అందరం నవ్వాం. మామ కూడా తల గోక్కుంటూ నవ్వాడు. మా అత్త ఒక్కతే నవ్వలేదు. ఆమె లేచి లోపలికి పోయి తలుపు తడిక మూసింది. పాలెంలో పెద్దరికం ఆమెది. ఆమె తడిక మూసిందంటే వీధి మొత్తం మూసినట్లే.

దిక్కులేనివాడు అంటే పుస్తకాల్లో జాలి మాట కావచ్చు. మా వైపు అది తిట్టు. దిక్కులేని చావు చస్తావని తిడతారు. పాడె మోయడానికి నలుగురు లేనివాడు దిక్కులేనివాడు. కూడు లేకపోవడం వేరు, మనుషులు లేకపోవడం వేరు. మాకు కూడు లేదు. మనుషులు కావలసినంత మంది ఉన్నారు.

అత్తకు ఇంకో పుండు కూడా ఉంది. డొక్కల కరువు నాటికి ఆమె చంటిపిల్ల. ఆమె తల్లి పిల్లలను బతికించుకోవడానికి సర్కారు గంజి పోసే చోటికి పోయింది. చుట్టూ కంప వేసి, మనుషులను దొడ్లో పశువులను తోలినట్లు లోపలికి తోలి గంజి పోసేవారంట. దాన్ని గంజిదొడ్డి అన్నారు. కరువు పోయింది, వానలు వచ్చాయి, పేరు పోలేదు. ఆ ఇంటివాళ్లను గంజిదొడ్డివాళ్లు అనే పిలిచారు. ఆ పేరు వల్లనే అత్త అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. మా అత్త మాత్రం దూరం నుంచి, పేరు తెలియని పాలెంలోకి కోడలుగా వచ్చి తప్పించుకుంది. ఈ సంగతి మాకు చెప్పిందీ ఆ సోమవారమే.

మంగళవారం గంజి కాచారు. ఎవరూ పోలేదు. గాలి మా వైపు తిరిగినప్పుడల్లా ఉడికే జొన్నల వాసన. సాయంత్రం ఆ గంజి ఊళ్లోవాళ్ల గొడ్ల కుడితి తొట్లలోకి పోయింది. నా కళ్లతో చూశాను. బుధవారమూ అంతే. బుధవారం మధ్యాహ్నం తప్పెట మామ వచ్చి చెప్పాడు, రేపు పొద్దున సంఘంలో మాట్లాడుకుంటారంట, ఈ పాలెం వాళ్లకు అక్కర లేదు గనక జొన్నల బస్తాలు గిద్దలూరు పక్కకు తోలిస్తారంట.

నేను అత్త ముందు కూర్చున్నాను.

"అత్తా, దాన్ని తోలుకొని నేను పోతా. అది తాగకపోతే బిడ్డ దక్కదు."

"పో. యెవురు కాదన్న్యారు?" అంది. "మొదుట పోయినోళ్లకే ఆ పేరు అంటుకుంటుంది. వెనకొచ్చే వాళ్లకు అంటదు. రేపు ఈ బిడ్డకు పెళ్లీడొస్తే, ఎవురి బిడ్డ అంటే దిక్కులేని గంజి తాగినామె బిడ్డ అంటారు. నేను చూసినా. మీరు చూడలే."

"బతికుంటే గదా పెళ్లీడొచ్చేది!"

 నేను తోడికోడలి వైపు తిరిగాను. ఆమె బిడ్డ నోట్లో తడిగుడ్డ కొన పెట్టి ఉంది. "అత్త పోకుండా నేను పోనక్కా," అంది. గట్టిగా కూడా అనలేకపోయింది. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

"మరి యేం జేస్తే పోతావత్తా? అదన్నా చెప్పు."

"పిలిస్తే పోతా."

"దండోరా వేసినారు గదా?"

"దండోరా యెందుకు వేస్తారు? గొడ్డు తప్పిపోతే వేస్తారు. శిస్తు కట్టకపోతే వేస్తారు. మనుషుల్ని కూటికి పిలిచేది దండోరానా? పెండ్లికి మనం యెట్ల పిలుస్తాం?"

మా పాలెంలో పిలుపుకు ఒక పద్ధతి ఉంది. ఇంటింటికీ రావాలి. గుమ్మం ముందు నిలబడి వరస పెట్టి పిలవాలి, అత్తా అనో, అన్నా అనో. తిండి మాట ఎత్తకూడదు. "చెయ్యి కడుక్కుందురు రాండి" అనాలి, అంతే. ఒక్క ఇల్లు తప్పిపోయినా ఆ ఇంటివాళ్లు రారు, వాళ్లతో పాటు వాళ్ల వరసవాళ్లూ రారు. ఇంత చిన్న సంగతి సంఘం వాళ్లకు ఎవరు చెప్పాలి? మా మిషను గుడి ఉపదేశి గారు చెప్పగలిగిన మనిషి, కానీ ఆయన కంభం పక్క మిషను సభలకు పోయి ఉన్నారు. కాబట్టి నేనే పోయాను.

మెట్ల కింద నుంచి లోపల మాటలు వినపడుతున్నాయి. షావుకారు గొంతు పెద్దది.

"పొగరు స్వామీ, వట్టి పొగరు. ఆకలుంటే యెందుకు రారు? బస్తాలు యెత్తించేద్దాం."

"అరె, ఆకలి ఉంది షావుకారూ," అని సాయిబు. "మొహాలు చూస్తే తెలుస్తలేదా?"

నేను దగ్గాను. ప్లీడరు బయటికి వచ్చి వసారాలో నిలబడ్డాడు. "ఏమిటి?" అన్నాడు.

"గంజి తోలిస్తారంట గదయ్యా గిద్దలూరికి. తోలియ్యొద్దని చెప్పను వచ్చినా."

"మీరెవరూ తాగడం లేదుగా! రెండు రోజులు కాచి పారబోశాం."

"పిలిస్తే తాగుతారు."

"పిలవకపోవడమేమిటి? వీధివీధికీ చాటింపు వేయించాం."

"దిక్కులేనోళ్లను పిలిచినారయ్యా. మా పాలెంలో అట్లాంటోళ్లు యెవురూ లేరు."

ఆయనకు అర్థం కాలేదు. లోపల సాయిబుకు అర్థమైంది. తొడ మీద చరుచుకుని, "నేను చెప్పలేదా! మాట బాగలేదు, మాట!" అంటూ బయటికి వచ్చాడు. మా వైపు ఆ మాటకు ఏం అర్థమో ప్లీడరుకు చెప్పాడు. ప్లీడరు మొహం ఎర్రబడింది. కానీ వెంటనే తగ్గలేదు.

"సరే, మాట పొరపాటే అనుకుందాం. మాట కోసం కడుపు మాడ్చుకుంటారా? పసిబిడ్డలున్నారు కదా మీలో! ఇది మీ తప్పు కాదా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. నేను కూడా ముందు రోజు మధ్యాహ్నం అత్తను అదే అడిగాను. అందుకే ఆయనతో వాదించలేదు.

"తప్పు యెవురిదైనా గానీయయ్యా. మా ఇంట్లో బాలింత ఉంది. పాలు లేవు. పొద్దు మునిగే లోపల ఆమె గంజి తాగాల. మా అత్త కదిలితే ఆమె కదుల్తుంది. మా అత్త కదలాలంటే మీరు వచ్చి గుమ్మం ముందర నిలబడి పిలవాల. బస్తాలు రేపు తోలిస్తారో మాపు తోలిస్తారో మీ ఇష్టం. ఈ పూట మటుకు రాండి. వచ్చేదాకా నేను ఈ మెట్లు దిగను."

నిజానికి మెట్లు ఎక్కనే లేదు, కిందనే ఉన్నాను. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

లోపల నుంచి షావుకారు, "పాలెంలోకా? మనమా?" అన్నాడు. ఆ తర్వాత గుసగుసలు. ఎండ నా నెత్తి మీదికి వచ్చింది. జవాను మళ్లీ గంట కొట్టాడు. నేను కదలలేదు. మనిషి ఒకచోట కదలకుండా నిలబడితే లోపల ఉన్నవాళ్లకు మాటలు సాగవు, అది నాకు గనుల్లో కూలి అడిగేటప్పుడు తెలిసిన పని.

చివరికి సాయిబు వచ్చి, "నువ్వు పో చెల్లెమ్మా. మేము వస్తాం. డేగిసాలు నావి, నా మాట నమ్ము," అన్నాడు.

నీడలు తిరిగే వేళకు వచ్చారు. ముందు తప్పెట మామ, తప్పెట లేకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా. వెనక సాయిబు. ఆ వెనక ప్లీడరు, పంచె కుచ్చెళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని. అందరికన్నా వెనక షావుకారు జీతగాడు, మడిచిన గొడుగు భుజాన పెట్టుకుని. షావుకారు రాలేదు. వీధిలో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. మా అత్త తడిక తీసి అరుగు మీద కూర్చుంది. తోడికోడలు గోడకు ఆనుకుని లోపలే ఉంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను, అవసరమైతే పట్టుకుని లేపడానికి.

సాయిబు ముందుకు వచ్చాడు. పద్ధతి తెలిసినవాడు.

"అక్కా, సలాం. చింతల కిందికి చెయ్యి కడుక్కుందురు రావాల. మీరొస్తేనే."

అత్త అతన్ని పైకీ కిందికీ చూసింది. "నువ్వు చీర అమ్మేటప్పుడు గూడా అక్కా అనే అంటావు గదా సాయిబూ. గజం తగ్గించి కోసేటప్పుడు గూడా అక్కే."

"నీకెప్పుడన్నా తక్కువ కోసినానా అక్కా?"

"నాకు యాడ కోస్తావు? కొంటే గదా కోసేది!"

వీధి నవ్వింది. సాయిబే అందరికన్నా గట్టిగా నవ్వాడు. అత్త అంది: "సరే తమ్ముడూ, నీ పిలుపు అందింది. కానీ దండోరా మాట నీది కాదంట గదా. ఆ మాట యెవురిదో వాళ్లను పిలవమను." అని జీతగాడి వైపు తిరిగి, "ఆ గొడుగేందిరా?" అంది.

"షావుకారు పంపినాడవ్వా. తను యేటికన్నా పోలేకపోతే గొడుగు పంపుతాడు. ఆయన వచ్చినట్లే."

"అట్లనా. అయితే దాన్ని నీడన కూసోబెట్టు నాయనా, పాపం ఎండన పడి వచ్చింది."

ఈసారి జీతగాడు కూడా నవ్వాడు. నవ్వి, గొడుగును నిజంగానే గోడ నీడకు ఆనించాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా చెయ్యి తోడికోడలి భుజం మీద ఉంది. ఆ భుజం ఎముక నా అరచేతికి గుచ్చుకుంటోంది. కానివ్వండి, కానివ్వండి అని లోపల అనుకుంటున్నాను.

ప్లీడరు అరుగు ముందుకు వచ్చాడు. "మీ కష్టాలు చూసి మాకు చాలా జాలి కలిగిందమ్మా..." అని మొదలు పెట్టాడు.

"జాలి అట్ల పక్కన పెట్టు నాయనా. నన్ను యేమని పిలుస్తావు?"

"అమ్మా అంటున్నాను కదా."

"అమ్మా అని గుమ్మం ముందు అడుక్కునేవాడు గూడా అంటాడు. వరస పెట్టి పిలువు."

 ఆయన చెడ్డవాడు కాదు. పుట్టినప్పటి నుంచి పాలెం ఆడమనిషిని వరస పెట్టి పిలిచే అవసరం ఆయనకు రాలేదు, అంతే. చెమట తుడుచుకున్నాడు. సాయిబు వైపు చూశాడు, సాయిబు ఆకాశం వైపు చూశాడు. చివరికి ప్లీడరు నోట్లో నుంచి ఒక మాట వచ్చింది.

"దొడ్డమ్మా..."

 మా అత్త మొహం రాయి అయింది. మా పాలెంలో ఆ పిలుపు లేదు. మాకు తెలిసిన దొడ్డి ఒకటే, గొడ్లను తోలేది. అత్తకు తెలిసిన దొడ్డి ఇంకొకటి ఉంది. తన పుట్టింటి పేరు ఊళ్లో ఎవరో చెప్పారనీ, ఈయన దాన్ని తెచ్చి అందరి ముందూ మొహాన కొట్టాడనీ అనుకుంది. లేచి నిలబడింది. తడిక మీద చెయ్యి వేసింది.

నేను గడప దాటి వచ్చేశాను.

"అయ్యా, యేమన్న్యారు మీరు? దొడ్డి యేంది?"

"దొడ్డి కాదు, దొడ్డమ్మ." ఆయనకు తాను ఏం తప్పు చేశాడో తెలియలేదు. బడిలో దెబ్బ తిన్న పిల్లవాడి మాదిరి చెప్పాడు. "మా ఇళ్లల్లో అమ్మకు అక్కను దొడ్డమ్మ అంటాం. నన్ను పెంచింది మా దొడ్డమ్మే. ఇంకే వరసా నాకు తోచలేదు."

అత్త చెయ్యి తడిక మీదనే ఉంది. వెనక్కు తిరగకుండానే అడిగింది. "అమ్మకు అక్కా?"

"అవును."

"యేం పెట్టేది నీకు?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "చద్దన్నం. ఊరుగాయ నంజుకోమనేది."

"కొట్టేదా?"

"కొట్టేది."

అత్త వెనక్కు తిరిగింది. నోరు ఒక పక్కకు వంకర పోయింది. నవ్వాలనుకోనప్పుడు ఆమె అట్లా చేస్తుంది. "దాన్ని ఇక్కడ పెద్దమ్మ అంటాం నాయనా. పెద్దమ్మ అను."

"పెద్దమ్మా," అన్నాడు ప్లీడరు. సాయిబు వెనక నుంచి అందించాడు, ఈయన అప్పజెప్పాడు. "చెయ్యి కడుక్కుందురు రండి. మీరొస్తేనే."

"వస్తాం నాయనా," అంది మా అత్త. 

అంతటితో అయిపోయిందనుకుని నేను తోడికోడలి చంక కింద చెయ్యి వేశాను. అత్త ప్లీడరుతో, "ఇంకా ఇండ్లు ఉండాయి. మా ఒక్కింటికి పిలిచి పోతే వాళ్లేమనుకుంటారు? పద, నేను వరసలు చెప్తా," అంది. నేను అడ్డం పడ్డాను.

"అత్తా, ఇంకా ఇంటింటికా? బిడ్డ..."

"నువ్వు దాన్ని తోలుకొని ముందు పో," అంది, నన్ను కసరి. "పిలుపు అయింది గదా! బాలింత ముందు పోతే తప్పేంది?"

మేము పోయాం. తోడికోడలు నడవలేకపోతే సగం దూరం నడిపించి సగం దూరం ఎత్తుకున్నాను. బిడ్డను తప్పెట మామ పెళ్లాం ఎత్తుకుంది. వెనక వీధిలో ప్లీడరు గొంతు ఇంటింటి దగ్గరా వినపడుతూ ఉంది. ఒకచోట వయసుపిల్లను అక్కా అన్నాడు కాబోలు, ఆ పిల్ల కిలకిలా నవ్వుతూ ఇంట్లోకి పరిగెత్తిన చప్పుడు.

చింతల కింద వంట ముసలాయన మమ్మల్ని చూసి తెడ్డు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తర్వాత గబగబా పొయ్యి ఎగదోశాడు. ముంత నింపి, ఉప్పు వేసి, "చల్లార్చుకొని కొంచెం కొంచెం తాగమ్మా, ఖాళీ కడుపు," అన్నాడు.  ముంత నేను పట్టుకున్నాను. మొదటి గుక్క బయటికి వచ్చేసింది. రెండోది నిలిచింది. మూడో దానికి తనే నా చేతిలో నుంచి ముంత లాక్కుంది. అప్పుడు నేను కింద కూర్చున్నాను. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

కాసేపటికి పాలెమంతా వచ్చింది, అత్త ముందు నడుస్తూ. ప్లీడరు తెడ్డు తీసుకుని తనే పోశాడు, పంచె మీద చిలికించుకున్నాడు. అత్త తన ముంత నోటి దగ్గర పెట్టుకోబోయి ఆగి, "పిలిచినోడు తాగలే యింకా?" అంది. ప్లీడరు తల వంచుకున్నాడు. ఆయన తాగలేదు. తాగాడని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది, కానీ తాగలేదు. సాయిబు తాగాడు. అత్త ఇద్దరినీ చూసి, ఇంకేమీ అనకుండా తన గంజి తాగింది.

బస్తాలు గిద్దలూరికి పోలేదు. వానలు పడేదాకా గంజి కాగింది. తప్పెట మామ మళ్లీ ఆ దండోరా వేయలేదు. కొత్తగా ఎవరైనా వలస వచ్చి పాలెంలో దిగితే ప్లీడరో సాయిబో వచ్చి వరస పెట్టి పిలిచారు. గంజి తాగిన సాయంత్రమే తోడికోడలికి పాలు పొంగలేదు. శుక్రవారం లేవు, శనివారం కొంచెం. ఆదివారం ఉపదేశి గారు తిరిగి వచ్చి గుడిలో ప్రార్థన చేస్తుంటే బిడ్డ ఆయన మాట ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. బయటికి తీసుకుపొమ్మని ఎవరూ అనలేదు.

పేర్లు రాయను. మా పాలెంలో పేర్లతో ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆ గురువారం చింతల కింద ఉన్నవాళ్లను వరసలతోనే రాస్తున్నాను. మా అత్త, ప్లీడరుకు పెద్దమ్మ. మా తోడికోడలు, నాకు చెల్లెలు. తప్పెట మామ, ఆయన పెళ్లాం మా అత్తమ్మ, గుండ్రాళ్లలాంటి ఆమె కొడుకులు నా బావలు. పై వీధి పెదనాయన, కళ్లు కనపడవు, కర్ర పట్టుకుని వచ్చాడు. పెదనాయనను నడిపించుకొచ్చిన పెద్దకోడలు, మాకు వదిన. బావి పక్కింటి అక్కాచెల్లెళ్లు, వాళ్ల అవ్వ. వీధి చివరి చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ల పిల్లలందరూ. ప్లీడరు అక్కా అన్న వయసుపిల్ల, వరసకు నా ఆడబిడ్డ. వంట ముసలాయన, తాతా అన్నాం. షావుకారు జీతగాడు, తమ్ముడు. సాయిబు, అన్న. ప్లీడరు, ఆ రోజు నుంచి మాకు బావగారు. నేను. అత్తమ్మ భుజం మీద నిద్రపోయిన బిడ్డ.